నాకు పోటీగా వచ్చిన చేప

నేను ఒక అయస్కాంతాన్ని. అలాగని ఫ్రిజ్ తలుపుకి అతుక్కుని, ఒంటి మీద మామిడిపండు బొమ్మతో కాలం వెళ్ళబుచ్చే సోమరిని అనుకునేరు. నేను కష్టజీవిని. చేపల తొట్టి అద్దానికి పట్టిన పాచి గీకడం నా వృత్తి. పేరుకి ఒక్కణ్ణే గానీ ఉండేది రెండు ముక్కలుగా. ఒక ముక్క తొట్టి లోపల నీళ్ళలో, రెండోది బయట గదిలో, మధ్యలో దళసరి అద్దం. బయటి ముక్కని మనిషి పట్టుకుని ఎటు జరిపితే లోపలి ముక్క అటు పాకుతూ, తన గరుకు పీచుతో పాచి ఊడ్చుకుంటూ పోతుంది.

ఈ ఏర్పాటు వల్ల నాకో సుఖం ఉంది. బయటి ముక్కతో మనుషుల మాటలు వింటాను, లోపలి ముక్కతో చేపల వ్యవహారాలు చూస్తాను. తొట్టి ఉన్న ఇంట్లో ఏ రగడ జరిగినా రెండు వైపుల వాదనా నాకు తెలుసు. తీర్పు చెప్పమని మాత్రం ఇంతవరకు ఎవరూ పిలవలేదు. పిలిస్తే చాలా సంసారాలు బాగుపడేవి.

ఏ ఊరి ఫ్యాక్టరీలో పుట్టానో నాకు గుర్తులేదు. తెలివి వచ్చేసరికి అట్టపెట్టెలో ఉన్నాను, నా రెండు ముక్కలూ ఒకదాన్నొకటి కరుచుకోకుండా మధ్యలో చెక్కముక్క ఒకటి. నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ఒక కాలేజీ లెక్చరర్ గారు. ఆయన తొట్టి చిన్నది, చేపలు రెండు, ఓపిక అంతకన్నా తక్కువ. ఒకరోజు అడుగున ఇసుక దాకా నన్ను దించి, చూసుకోకుండా బరబరా పైకి లాగారు. నా పీచులో ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంది. అద్దం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి గీత పడింది. "దిక్కుమాలిన వస్తువు" అని నన్ను తిట్టారు. అద్దం మెరిస్తే గొప్ప తోసిన చేతిది, గీత పడితే తప్పు నాది. మనుషుల న్యాయం ఇలాగే ఉంటుందని ఆ రోజే తెలుసుకున్నాను.

అలా నన్ను తీసుకెళ్ళి జగదాంబ సెంటర్ వెనక సందులో ఉన్న ఖాదర్ చేపల దుకాణంలో పడేశారు. ఖాదర్ మంచివాడు. పదహారు తొట్లు నా చేతే తోమించాడు. తియ్యనీళ్ళ చేపలేవో, ఉప్పునీళ్ళ చేపలేవో, ఎవడు పక్కవాడి రెక్కలు కొరుకుతాడో, ఎవడు రాయి చాటున నక్కుతాడో అక్కడే నేర్చుకున్నాను. నా చదువంతా అక్కడే.

అక్కడికొచ్చాడు పోలారావు.

పోలారావు గురించి కొంచెం చెప్పాలి. అతను ముప్పై ఏళ్ళు రేవులో ఓడల అడుగు గీకిన మనిషి. ఓడ నీళ్ళలో ఉంటే అడుగున పాచి, గుల్లలు పడతాయి. అవి పెరిగితే ఓడ మందగిస్తుంది. పోలారావు లాంటివాళ్ళు ముఖానికి గొట్టం కట్టుకుని, నీళ్ళలో దిగి, ఆ ఓడల పొట్ట కింద ఈదుతూ గీకి పారేస్తారు. అంటే మాది ఒకే వృత్తి. కాకపోతే అతనిది పెద్ద పద్దు, నాది చిన్న పద్దు. ఒకనాడు నీళ్ళ ఒత్తిడికి చెవిలో కర్ణభేరి చిరిగింది. ఇక జన్మలో నీళ్ళలో దిగొద్దన్నారు డాక్టరు.

దిగొద్దంటే మనిషి ఇంట్లో ఏం చేస్తాడు? గోడకేసి చూస్తూ కూర్చున్నాడట, ఎనిమిది నెలలు. పలకరిస్తే ఊఁ, లేకపోతే అదీ లేదు. చివరికి భార్య నూకరత్నమే దుకాణానికి లాక్కొచ్చి, నాలుగడుగుల అద్దాల తొట్టి ఇంటికి చేర్పించింది. "సముద్దరంలోకి నువ్వెల్లలేకపోతే సముద్దరాన్నే ఇంటికి తెచ్చుకుందాం మావా" అంది. తొట్టితో పాటు నేనూ వెళ్ళాను. నిలబడితే కళ్ళకి ఎదురుగా ఉండాలని బల్ల ఎత్తుగా చేయించాడు పోలారావు. కిలోమీటరు దూరంలో అసలు సముద్రం హోరెత్తుతుంటే, వీళ్ళు ఇంట్లో బకెట్ల నీళ్ళలో ఉప్పు కొలిచి కలుపుకునేవారు. నవ్వకండి, రేవు నీళ్ళలో నూనె తెట్టు ఉంటుంది, చేపలకి పడదు.

ఆ తొట్టిలో చేపలు రెండే, నారింజ రంగువి. అసలు ఆస్తి రాళ్ళ మీద ఉండేది. బొత్తాలంత గుండ్రటి పగడపు పూలు. పచ్చ అంచు, మధ్యలో నారింజ. సముద్రంలోంచి పీక్కొచ్చినవి కావు, ఎవరో చేపల పిచ్చివాడి తొట్టిలో పుట్టి పెరిగిన గుత్తి నుంచి తెంపి ఇచ్చినవి. పూలంటాం గానీ అవి జంతువులే. దీపం వెలగగానే విచ్చుకుంటాయి, చేయి దగ్గరికెళితే ముడుచుకుంటాయి. మొదట అయిదు ఉండేవి. పోలారావు రోజూ లెక్కపెట్టి భార్యకి చెప్పేవాడు. ఆరోది మొలిచిన రోజు వీధి మొత్తానికి చెప్పాడు. గోడకేసి చూసిన మనిషి అద్దంకేసి చూడ్డం మొదలుపెట్టాక మాట కూడా తిరిగి వచ్చింది. నన్ను పట్టుకుని అద్దం తోముతూ నాతో కూడా మాట్లాడేవాడు. "ఓడ ముక్కు కాడ ఇలాగే వొంపు తిరుగుతాదిరా" అనేవాడు. నాకు గర్వంగా ఉండేది.

ఇంత బాగున్నప్పుడే నాచు వచ్చింది.

అద్దం మీద పాచి అంటే నా జాగీరు, నేను చూసుకుంటాను. ఇది రాళ్ళ మీద నాచు. జడ విప్పుకున్నట్టు పచ్చగా, పొడుగ్గా, రోజుకింత పెరిగే రకం. రాళ్ళ మీదకి నేను వెళ్ళలేను, అద్దం దాటితే నాకు అడుగు పడదు. పోలారావు పీట ఎక్కి, చెయ్యి తొట్టిలో పెట్టి పాత టూత్‌బ్రష్‌తో గీకడం మొదలుపెట్టాడు. పొద్దున గంట, సాయంత్రం గంట. పగడపు పూల చుట్టూ నాచు అల్లుకుంటుంటే ఒక్కొక్క పోగే లాగేవాడు. అప్పటికి పదకొండు పూలైన గుత్తి మూడు వారాల్లో ఏడుకి వచ్చింది. అతని కుడి భుజం కూడా అదే దారి పట్టింది. ముందు నొప్పి, తర్వాత బిగుసుకుపోవడం. రాత్రిళ్ళు మూలుగుతున్నాడని నూకరత్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. "కొన్నాళ్ళు బరువు పనులు ఆపండి" అన్నారు ఆయన.

నూకరత్నం ఆ మాటని తనకి అర్థమైనట్టు అమలు చేసింది. బరువు పనులు ఆపడం కాదు, ఆ చెయ్యే ఆపేసింది. తువ్వాలుతో ఉయ్యాల కట్టి భుజాన్ని మెడకి వేలాడదీసింది.

"బుజం బాగయ్యేదాకా ఆ తొట్టిలో సెయ్యెడితే నా మీద ఒట్టే మావా" అంది.

"మరి నాచో?"

"నాచూ వొద్దు, తొట్టీ వొద్దు. నీ సెయ్యి కన్నా ఎక్కువేటి నాకిది? బీచి రోడ్డు హోటలు ముత్యాలనాయుడు గారు ఎప్పటి నుంచో అడుగుతన్నారు. ఇచ్చీద్దాం."

పోలారావు కుర్చీ తిప్పుకుని గోడకేసి కూర్చున్నాడు. ఆ వీపు చూసి నూకరత్నానికి గుండె జారిపోయింది. నాకూ జారింది.

కాసేపటికి వీపుతోనే అన్నాడు, "నాచు తినే సేపలుంటాయటే. నా సెయ్యి పని అది సేస్తాది. ఒక్కసారి సూద్దాం."

ఆవిడ ఆలోచించి ఆరు వారాల గడువు ఇచ్చింది. ఆరు వారాల్లో రాళ్ళు కనబడాలి, పూలు బతకాలి. లేకపోతే నాయుడు గారు వచ్చి తొట్టి పట్టుకుపోతారు. ఇదీ ఒప్పందం.

ఇప్పుడు నా బాధ వినండి. చేప గెలిస్తే తొట్టి ఇంట్లో ఉంటుంది గానీ, పాచి తినేవాడు వచ్చాక పాచి గీకేవాడు ఎందుకు? చేప ఓడితే నేను హోటలుకి పోతాను, అక్కడ పీతల వేపుడు వాసనలో బతకాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏది కోరుకోవాలో తెలీక రెండు ముక్కలూ రెండు రకాలుగా ఆలోచించాయి.

చేపని ఎంచడానికి నన్నూ తీసుకెళ్ళారు. నా పీచు అరిగిపోయింది, కొత్తది వేయించాలి. నూకరత్నం చేతిసంచిలో నా రెండు ముక్కలూ అద్దం అడ్డు లేకుండా ఒకదానికొకటి కరుచుకుని, మధ్యలో ఇంటి తాళాలు కూడా ఇరికించుకుని కూర్చున్నాయి. విడదీయడానికి ఖాదర్ చెమటోడ్చాడు.

నూకరత్నం తల్లి ఫిషింగ్ హార్బరులో నలభై ఏళ్ళు చేపలమ్మిన మనిషి. చేపని ఎంచడంలో ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. పోలారావుని మార్కెట్టుకి పంపితే మెరిసేదల్లా పట్టుకొస్తాడని పెళ్ళయిన మొదటి నెలలోనే గ్రహించి ఆ పని తీసేసుకుంది. ఇక్కడా అదే జరిగింది. లోపల అడుగుపెట్టగానే అతను పసుపు రంగు చేప ముందు ఆగిపోయాడు. పళ్ళెంలా వెడల్పుగా, ఒక్క మచ్చ లేకుండా, తొట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి దూసుకుపోతోంది.

"ఇది సూడే రత్నం. పసుపు ముద్దలాగున్నాది."

నూకరత్నం దానికేసి చూసి, ఖాదర్ వైపు తిరిగింది. "మొప్ప ఎత్తి సూపించు బాబూ."

ఖాదర్ తెల్లబోయాడు. "అమ్మా, ఇవి కూరకి కాదండి. మొప్పలెత్తి చూడరు."

ఆవిడ నొచ్చుకోలేదు. ఒక్క క్షణం ఆలోచించింది. "కూరకైతే సచ్చిన సేపని సూడాల. పనికైతే బతికున్నదాన్ని సూడాల. అంతే గదా?"

"అంతేనమ్మా."

"అయితే తింతుంటే సూపించు. మిగతాది నాను సూసుకుంతాను."

ఆ మాటకి నేను సంచిలోంచే మెచ్చుకున్నాను. పదహారు తొట్లు తోమిన అనుభవంతో చెప్తున్నాను, ఉప్పునీళ్ళ చేపని ఎంచడంలో ఇంతకు మించిన సూత్రం లేదు.

పసుపు చేప నాచు బాగానే తింటుంది. కానీ రోజంతా ఈదాలి, దానికి ఆరడుగులైనా ఉండాలి అన్నాడు ఖాదర్. నాలుగడుగుల తొట్టిలో అటూ ఇటూ కొట్టుకుని చిరాకెత్తి, తోక దగ్గరుండే కత్తిలాంటి ముల్లుతో మిగతా చేపల్ని గీరుతుంది. "ఇరుకింట్లోకి పెద్దమనిసిని తెచ్చినట్టు" అని నూకరత్నం ముందుకి నడిచింది. పోలారావు వెనక్కి చూస్తూ నడిచాడు.

తర్వాత కుందేలు మూతి చేప. నాచు మేస్తుంటే మేక మేస్తున్నట్టే ఉంది. ఆవిడకి నచ్చింది. "మరి పగడపు పూలు ఉన్నాయమ్మా మీ ఇంట్లో" అని గొణిగాడు ఖాదర్. "నాచు తక్కువైతే ఒక్కోసారి వాటినీ కొరుకుద్దండి. అన్నీ కొరకవు. కొరికితే మాత్రం నన్నడగొద్దు." పోలారావు దాని వీపు మీద ముళ్ళు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అలాంటి ముల్లు వయసులో ఉండగా గుచ్చుకుందట, రెండు రోజులు జ్వరం.

మూడో తొట్టిలో రాయి మీద మరో రాయిలా కూర్చుని ఉన్నాడు వాడు. బురద రంగు. కప్పకి తమ్ముడిలాంటి ముఖం, పైన రెండు గుడ్లగూబ కళ్ళు, కనుబొమల దగ్గర చిన్న చిన్న కొమ్ములు. వేలెడు పొడుగు. ఈదడు, గెంతుతాడు. గెంతి, అద్దానికి మూతి ఆనించి, లావు పెదాలతో పాచిని టపటపా కొట్టి తింటున్నాడు.

అద్దం మీద పాచి. నా జాగీరులో. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేటే, ఇంత అనాకారిగా ఉన్నాది" అన్నాడు పోలారావు.

నూకరత్నం వినలేదు. ఆ తొట్టిలో అదే రకం ఇంకొకటి ఉంది, కొంచెం అందంగా, చారలతో. దాని పొట్ట కింద లోపలికి పీక్కుపోయి ఉంది, తిండి మానేసిందని ఆవిడ చూపుతోనే కనిపెట్టింది. ఈ అనాకారి పొట్ట మాత్రం గుండ్రంగా ఉంది. పావుగంట నిలబడి చూసింది. పావుగంటా వాడు ఆపకుండా తింటూనే ఉన్నాడు.

"ఇదే" అంది.

ఖాదర్ సంచిలో నీళ్ళు పట్టి, చేపని వేసి, మూతి కడుతూ జాగ్రత్త చెప్పాడు. "మేత ఎక్కువ వెయ్యకండమ్మా, నాచు ఉన్నన్నాళ్ళు వీడికి అదే అన్నం. నాచు మొత్తం అయిపోయాక మాత్రం చూసుకోండి, లేకపోతే చిక్కిపోతాడు."

ఇందులో నూకరత్నం మనసుకి పట్టింది చివరి మాట ఒక్కటే. చిక్కిపోతాడు.

ఆవిడ ఇంటి పద్ధతి ఒకటి ఉంది. ఆ ఇంటికి పనికి ఎవరొచ్చినా, వడ్రంగి గానీ, కరెంటు పని చేసే మనిషి గానీ, ముందు టిఫిను తిని, టీ తాగి, ఆ తర్వాతే పనిముట్టు ముట్టాలి. ఖాళీ కడుపుతో పని చేయించుకుంటే ఇంటికి అరిష్టమని వాళ్ళమ్మ నేర్పింది. నాలుగు ఇడ్లీలు తిన్న కరెంటు మనిషి నిచ్చెన మీద కునుకు తీసిన సందర్భం కూడా ఉంది. అయినా పద్ధతి మారలేదు.

ఇప్పుడు నాచు పనికి ఈ చేప వచ్చాడు. వాడికి మేస్త్రి అని పేరు పెట్టింది. మొదటి రోజే తోటకూర ఉడకబెట్టి, చల్లార్చి, కాడ తీసి, ఆకుని అద్దం పక్కన వేలాడదీసింది. "తిను మేస్త్రీ. దూరం నుంచి వొచ్చినావు" అంది. మేస్త్రి తిన్నాడు. మధ్యాహ్నం గుళికలు. సాయంత్రం మళ్ళీ తోటకూర. నారింజ చేపలు బాధపడతాయని వాటికీ రెండింతలు.

వారం తిరిగేసరికి మేస్త్రి పొట్ట తంబూరాలా తయారైంది. పొద్దున్నే లేచి, రాయి ఎక్కి, ముందు రెక్కల మీద ఆనుకుని, వంటింటి వైపు చూస్తూ కూర్చునేవాడు. చుట్టూ నాచు మోకాళ్ళ దాకా పెరుగుతున్నా ఒక్క పోగు ముట్టలేదు. వాడిది కడుపు నిండిన బేరం. పైగా తినగా మిగిలిన మేత నీళ్ళలో కుళ్ళి నాచుకే ఎరువైంది. దుకాణంలో ఆ పావుగంట చూసి భయపడ్డ నేను నవ్వుకున్నాను. వీడా నాకు పోటీ?

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఏడు పూలు అయిదయ్యాయి. పోలారావు ఇప్పుడు లెక్క పైకి చెప్పడం మానేశాడు. లోపల్లోపల పెదాలు కదిపి, తల దించుకుని వెళ్ళిపోయేవాడు. నోరుంటే నేను అరిచి చెప్పేవాణ్ణి, అమ్మా తోటకూర ఆపు తల్లీ అని. నా నోరు పీచు, అది గీకుతుందే గానీ మాట్లాడదు.

నూకరత్నం తోటకూర మర్యాద మేస్త్రికే కాదు, మొగుడికీ అలాగే జరుగుతోంది. చొక్కా తొడగడం ఆవిడే, తల దువ్వడం ఆవిడే, అన్నం కలిపి చెంచాతో పెట్టడం ఆవిడే. పోలారావు ఎడం చేత్తో గ్లాసు అందుకోబోతే పరిగెత్తుకొచ్చి నోటికి అందించేది. అద్దం తుడవడం కూడా తనే పెట్టుకుంది. రోజూ పొద్దున చపాతీ కర్రలా నన్ను ఎడాపెడా తిప్పి అద్దం ధగధగలాడించేది. పాపం, ప్రేమ ఉంది, తీరిక ఉంది, చేతులు రెండూ ఆడుతున్నాయి. ఆగమంటే ఎలా ఆగుతుంది?

మూడు వారాలు గడిచాయి. మిగిలినవి మూడు. ఆ సోమవారం పక్క వీధి నుంచి మణిమాల అని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చింది. పోలారావుని తొట్టి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలు ఉయ్యాల విప్పి, చెయ్యి పైకెత్తమంది. చెయ్యి నడుము దగ్గర నుంచి జానెడు లేచి ఆగిపోయింది. అతని నుదుట చెమట పట్టింది.

"చొక్కా ఎవరు తొడుగుతున్నారు బాబాయ్ గారూ?"

"రత్నం."

"తల ఎవరు దువ్వుతున్నారు?"

"రత్నమే."

"అన్నం?"

పోలారావు నేలకేసి చూశాడు. నూకరత్నం వంటింట్లోంచి ఉడికిన తోటకూర ఆకు చేత్తో పట్టుకుని అప్పుడే వచ్చింది. "అన్నీ నానే సేస్తన్నానమ్మా. నెల నుంచి ఆ సెయ్యి కదపనిస్తే ఒట్టు" అంది గర్వంగా.

మణిమాల మెత్తగా చెప్పింది. "అదేనండి పిన్నిగారూ ఇబ్బంది. బరువులు ఎత్తొద్దంటే అసలు కదపొద్దని కాదు. కదలికే లేకపోతే భుజం ఇంకా బిగుసుకుపోతుంది. కొంచెం నొప్పి పెట్టినా ఆయన పనులు ఆయన్నే చేసుకోనివ్వాలి. గోడ మీద వేళ్ళతో మెల్లగా పైకి పాకించమనండి, రోజూ కాస్త కాస్త. మీరు సాయం మాత్రం వెళ్ళకండి."

నూకరత్నం ముఖం చూస్తే నాకే కష్టమనిపించింది. ముప్పై ఏళ్ళ కాపురంలో నువ్వు పెట్టింది తక్కువైందని ఎవరూ అనలేదు, ఎక్కువైందనీ ఎవరూ అనలేదు. మంచే చేశాననుకున్న మనిషికి చెడు జరిగిందని చెప్తే ఎక్కడ చూడాలో తెలీదు. ఆవిడ మొగుడికేసి చూసింది. తర్వాత చేతిలో ఆకుకేసి చూసింది. ఆ తర్వాత తొట్టిలోకి చూసింది. అక్కడ మేస్త్రి అద్దానికి మూతి ఆనించి, ఆ ఆకు కోసం కాచుకుని కూర్చున్నాడు. చుట్టూ నాచు ఊగుతోంది.

"కడుపు నిండాక ఎవుడు పని సేస్తాడు" అంది తనలో తనే. చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆకు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తోటకూర ఆ మధ్యాహ్నం పప్పులో పడింది.

మర్నాటి నుంచి మేస్త్రికి పస్తు. నారింజ చేపలకి మాత్రం చిటికెడు, అదీ రోజు విడిచి రోజు. ఆవిడ ఎంత అవస్థ పడిందో నేను చూశాను. రెండుసార్లు గుళికల డబ్బా పట్టుకుని తొట్టి దాకా వచ్చి, మూత తీసి, మళ్ళీ పెట్టి, డబ్బాని ఎక్కడో పై అరలో దాచేసింది. మేస్త్రి మొదటి రోజు నమ్మలేదు. వంటింటి వైపే చూశాడు. రెండో రోజు అలిగి రాయి వెనక్కి వెళ్ళాడు. మూడో రోజు పొద్దున ముందు నాచు పోగు ఒకటి రుచి చూశాడు, ఉమ్మేశాడు, మళ్ళీ తిన్నాడు. ఆ తర్వాత ఆగలేదు. రాయి మీద నుంచి రాయి మీదకి గెంతుతూ, టపటపా పెదాలు కొడుతూ, పొద్దున దీపం వెలిగినప్పటి నుంచి సాయంత్రం దాకా ఒకటే కోత. అయిదో రోజుకి మొదటి రాయి అంచు బయటపడింది.

మొగుడికి కూడా పస్తు లాంటిదే. కంచం ముందు పెట్టి చెంచా పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. చొక్కా మంచం మీద పెట్టి తలుపు వేసేసేది. లోపల అతను అబ్బా అన్నప్పుడల్లా బయట తలుపు పట్టుకుని నిలబడేది. వెళ్ళేది కాదు.

గోడ మీద వేళ్ళు పాకించడం మాత్రం పోలారావు రెండు రోజులు చేసి మానేశాడు. "గోడ మీద బల్లిలాగ ఏటిది" అన్నాడు. గోడతో అతనికి అప్పటికే ఎనిమిది నెలల స్నేహం, విసుగెత్తిపోయి ఉంది. నూకరత్నం వచ్చి, తొట్టి అద్దం మీద నుంచి నా బయటి ముక్కని అతని కుడి చేతికి అందించింది.

"గోడ వొద్దులే. అద్దం ఉన్నాది. ఓడ పనే గదా."

ఆ మొదటి రోజు నేను అద్దం అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తు పాకాను. అతను పళ్ళు కరిచి పట్టుకున్నాడు. చెయ్యి వణికితే నేనూ వణికాను. ఇసుక రేణువు ఏదీ ఇరుక్కోకూడదని, ఈ చేతితో ఈ అద్దం మీద గీత పడకూడదని జీవితంలో మొదటిసారి దేవుడికి మొక్కుకున్నాను. రెండో రోజు అయిదు వేళ్ళు. ఎక్కడి దాకా చెయ్యి వెళ్ళిందో అక్కడి దాకా అద్దం తేటగా, ఆ పైన పచ్చగా. ఆవిడ ఇక నన్ను ముట్టుకోలేదు. తొట్టి పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఆ పచ్చ పట్టీ చూసి చెయ్యి లేచేది, మళ్ళీ కొంగులో దాచుకునేది. మచ్చ కనబడితే తుడవకుండా ఉండలేని మనిషి. ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

మేస్త్రి గురించి నా అభిప్రాయం కూడా ఈ రోజుల్లోనే మారింది. వాడు అద్దం మీదా తింటాడు, నిజమే. కానీ వాడి పని ముద్దు పెట్టినట్టు ఉంటుంది, ఎక్కడ పెదవి ఆనిందో అక్కడే శుభ్రం. అద్దమంతా గుండ్రటి ముద్దు గుర్తులు వదిలిపోతాడు. వాటిని కలిపి తుడవాల్సింది నేనే. రాళ్ళు వాడివి, అద్దం నాది. ఎవరి పొలం వాళ్ళం దున్నుకుంటున్నాం.

గడువు ఆదివారం రానే వచ్చింది. ముత్యాలనాయుడు గారు ఇద్దరు మనుషులతో, కొలత టేపుతో దిగారు. రాళ్ళు దాదాపు కనబడుతున్నాయి. వెనక మూలలో కొంచెం నాచు మిగిలి ఉంది, మేస్త్రి అక్కడే పని మీద ఉన్నాడు. పూలు అయిదూ విచ్చుకుని ఉన్నాయి, వాటి పక్కన కందిగింజంత ఆరో మొగ్గ. అద్దం మాత్రం మూడింట రెండు వంతుల దాకా తేట, ఆ పైన దట్టంగా పచ్చ.

నాయుడు గారు పైకి వేలు చూపించారు. "తొట్టి బాగుందమ్మా. ఈ పై పట్టీయే అసహ్యంగా ఉంది. మావాళ్ళు అయిదు నిమిషాల్లో తుడిచేస్తారులెండి."

వాళ్ళలో ఒకడు నా వైపు చెయ్యి చాపాడు. నూకరత్నం మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ముట్టుకోకు బాబూ. అది మా ఆయన తుడవాల."

"ఎప్పటికి తుడుస్తారమ్మా ఆయన?"

"సెయ్యి అందినప్పుడు."

నాయుడు గారు పోలారావుకేసి చూశారు. పోలారావు భార్యకేసి చూశాడు. గడువు పెట్టింది ఆవిడే, ఎత్తెయ్యాల్సిందీ ఆవిడే.

"తొట్టి అమ్మట్లేదండి నాయుడు గారూ. సెప్పి పంపాల్సింది, మరిసిపోనాను" అంది నూకరత్నం. "కూకోండి. ఉప్మా ఉన్నాది, తిని ఎల్దురు గాని."

పద్ధతి చేపకి మానేసింది గానీ మనుషులకి మానలేదు. ముగ్గురూ తిని, టీ తాగి, టేపు చుట్టుకుని వెళ్ళారు.

ఆ తర్వాత చెప్పుకోదగ్గ సంఘటనలేవీ లేవు. రోజూ పొద్దున్నే నేనూ ఆ చెయ్యీ పైకి. కొన్ని రోజులు పాకాం, కొన్ని రోజులు జారాం. ఒక వారం మొత్తం నిన్నటి గీత దగ్గరే ఆగిపోయాం. నాచు మొత్తం అయిపోయింది. అప్పుడు ఖాదర్ చెప్పినట్టే మేస్త్రికి మళ్ళీ తోటకూర మొదలైంది, ఈసారి రోజుకి ఒకే ఒక ఆకు, అరచేతి మీద కొలిచి. పూలు తొమ్మిదయ్యాయి. మాఘం వెళ్ళింది, ఎండలు మొదలయ్యాయి, నా పీచు మళ్ళీ అరిగింది. పై పట్టీ బెత్తెడు అయింది, తర్వాత రెండు వేళ్ళు.

మొన్న పొద్దున సంగతి. పోలారావు ఎప్పటిలా నన్ను పట్టుకున్నాడు. అడుగు నుంచి ఒకే ఊపులో గుండె దాకా, గడ్డం దాకా, కళ్ళ దాకా పాకాం. ఎప్పుడూ ఆగే చోట ఆగాం. అతను ఊపిరి పీల్చుకుని, ఓడ కింద మునిగేటప్పుడు పీల్చుకున్నట్టు పీల్చుకుని, మళ్ళీ తోశాడు. నా లోపలి ముక్క నీటి మట్టం దాటి గాలిలోకి లేచింది. బయటి ముక్క తొట్టి పై అంచుకి టక్కుమని తగిలింది. ఇక పైన అద్దం లేదు. పచ్చ లేదు.

అతను చెయ్యి దించలేదు. తల మీదుగా ఎత్తిన చేతిని అలాగే చూస్తూ నిలబడ్డాడు. అది తన చెయ్యేనా అని అనుమానం వచ్చినట్టు వేళ్ళు ఒకటొకటే విప్పి, మళ్ళీ ముడిచాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఎడం చెయ్యి ఉన్నా దాని సంగతే మర్చిపోయాడు. నూకరత్నం వంటింటి గుమ్మంలో ఉంది. సగం తరిగిన వంకాయ ఒక చేతిలో, కత్తి ఒక చేతిలో. ముక్కలు నల్లబడుతున్నా కదల్లేదు. అతని భుజం వణకడం నాకు తెలుస్తోంది, ఆవిడకీ కనబడుతూనే ఉంటుంది. నొప్పిగా ఉందా అని అడగలేదు. దించమనీ అనలేదు.